షేర్డ్ హోస్టింగ్‌లో పీహెచ్‌పీ 7.4 నుంచి 8.3కి: ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్ 8, 2025

మాది సైట్లకు చోటిచ్చే హోస్టింగ్ పని. మొత్తం మూడు షేర్డ్ సర్వర్లు, అంటే చాలామంది సైట్లు పంచుకునే యంత్రాలు. ఒక్కోదాంట్లో మూడొందల పైచిలుకు అకౌంట్లు. బడులు, కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు, నర్సింగ్ హోములు, రియల్ ఎస్టేట్ వెంచర్లు, ఒకటి రెండు దేవస్థానాలు, జిల్లా స్థాయి వార్తల సైట్లు. మూడింటిలోనూ డిఫాల్ట్ పీహెచ్‌పీ (ఈ సైట్లను నడిపే ప్రోగ్రామింగ్ భాష) 7.4. ఆ వెర్షన్‌కు అసలు పీహెచ్‌పీ వాళ్లిచ్చే భద్రతా ప్యాచ్‌లు 2022 నవంబర్ 28తోనే ఆగిపోయాయి. హోస్టింగ్ సర్వర్ల కోసం లైనక్స్ అమ్మే క్లౌడ్‌లైనక్స్ వాళ్లు పాత వెర్షన్లకు సొంతంగా ప్యాచ్‌లు వేస్తుంటారు కాబట్టి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం.

ఇప్పుడు కదలడానికి భద్రత ఒక్కటే కారణం కాదు. ప్లగిన్లు (సైట్‌కు తగిలించే అదనపు ముక్కలు) ఒక్కొక్కటిగా 7.4ని వదిలేస్తున్నాయి. సైట్లు రాయడానికి వాడే తయారు చట్రం, అంటే ఫ్రేమ్‌వర్క్, లారావెల్ 11కి 8.2 ఉండాల్సిందే, కొత్తగా వచ్చే డెవలపర్లు మొదట అడిగేదే అది. డిఫాల్ట్ 7.4 అని చెబితే అవతల ఫోన్‌లో కాసేపు మౌనం.

ఏ వెర్షన్‌కి వెళ్లాలన్నది మొదటి నిర్ణయం. 8.1కి భద్రతా సాయం ఈ ఏడాది డిసెంబర్ 31తో అయిపోతుంది. 8.2కి 2026 చివరిదాకా, 8.3కి 2027 చివరిదాకా, 8.4కి 2028 చివరిదాకా ఉంది. కొందరు "ముందు 8.1కి వెళ్లి, అక్కణ్నుంచి చూద్దాం" అంటారు. నాకది నచ్చదు. 7.4 నుంచి వచ్చేవాడికి ఎత్తైన మెట్టు 8.0 ఒక్కటే. పాత ఫంక్షన్లను తీసేసిందీ, పోలికల లెక్క మార్చిందీ, చిన్న తప్పులను పెద్ద ఎర్రర్లు చేసిందీ అక్కడే. 8.1 నుంచి 8.3 దాకా వచ్చినవి చాలామటుకు "ముందు ముందు తీసేస్తాం" అనే హెచ్చరికలే. ఎలాగూ ఆ మెట్టు ఎక్కాక 8.1 దగ్గర ఆగి, మూణ్నెల్లకే ఇదే పని మళ్లీ పెట్టుకోవడం దండగ. 8.4 అంటే ప్లగిన్లు ఇంకా సర్దుకుంటున్నాయి. కాబట్టి 8.3.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు: "అన్నా, మల్టీ పీహెచ్‌పీ మేనేజర్‌లో డిఫాల్ట్ మార్చేస్తే అయిపోయేదానికి ఇంత ప్లాన్ ఎందుకు?"

"మార్చేద్దాం. కానీ ముందు అందరినీ ఉన్నచోటే మేకు కొట్టి బిగించాలి."

సెప్టెంబర్ 11

ఆ బిగించడం గురించే ఈరోజంతా.

మా సర్వర్ల కంట్రోల్ ప్యానెల్ అయిన సీప్యానెల్‌లో ఒక డొమైన్‌కు వెర్షన్ రెండు రకాలుగా వస్తుంది. సొంతంగా ఎంచుకున్నది ఒకటి. ఏదీ ఎంచుకోకపోతే సర్వర్ డిఫాల్ట్‌ను తీసుకునేది రెండోది, దాన్నే ఇన్‌హెరిట్ అని చూపిస్తుంది. డబ్ల్యూహెచ్ఎం (సీప్యానెల్‌లో సర్వర్ అడ్మిన్ భాగం) ఏపీఐలో అన్ని వర్చువల్ హోస్టుల, అంటే సైట్ల, వెర్షన్లూ ఒకేసారి ఇచ్చే పిలుపు ఉంది. దాంతో జాబితా తీస్తే ఊహించినట్టే మూడొంతుల మంది ఇన్‌హెరిట్‌లోనే ఉన్నారు. వాళ్లలో ఎవరూ 7.4 కావాలని అడిగినవాళ్లు కాదు, అకౌంట్ తెరిచిన రోజు ఏది ఉంటే దాంట్లో ఉండిపోయినవాళ్లు. డిఫాల్ట్ మారిస్తే వీళ్లంతా చెప్పాపెట్టకుండా ఒకేసారి 8.3లో పడతారు.

అందుకే వరుస ఇలా పెట్టుకున్నాం. ఇన్‌హెరిట్‌లో ఉన్న ప్రతి డొమైన్‌నూ పేరుపెట్టి 7.4కి బిగించడం. తర్వాత డిఫాల్ట్ 8.3కి మార్చడం. పాతవాళ్లెవరూ కదలరు, కొత్త అకౌంట్లు మాత్రం ఆ రోజు నుంచే 8.3లో పుడతాయి. కనీసం సమస్య పెరగడం ఆగుతుంది. ఆపైన పాతవాళ్లను బ్యాచ్‌లుగా తరలించడం. 7.4ను సర్వర్ నుంచి పీకేయడం అన్నిటికన్నా చివర.

బిగించేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని వేరే సేవగా నడిపే పద్ధతి) లేని అకౌంట్లలో ఈ బిగింపు డొమైన్ ఫోల్డర్‌లోని హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైల్లో హ్యాండ్లర్ (ఏ పీహెచ్‌పీతో నడపాలో చెప్పేది) అనే ఒక వరుస రూపంలో కూర్చుంటుంది. రేపు కస్టమర్ తన లాప్‌టాప్‌లోని పాత హెచ్‌టీయాక్సెస్‌ను పైన ఎక్కిస్తే ఆ వరుస పోతుంది, సైట్ డిఫాల్ట్‌కు జారుతుంది. అందుకని బిగించిన జాబితానూ వాస్తవంగా నడుస్తున్న వెర్షన్‌నూ రోజూ తెల్లవారుజామున పోల్చే చిన్న స్క్రిప్ట్ పెట్టాం.

ఈ వెతుకులాటలోనే ఇంకో రకం కూడా బయటపడింది. ఇంకెక్కడి నుంచో మా దగ్గరికి మారినప్పుడు పాత హోస్ట్ హ్యాండ్లర్ వరుసను అలాగే మోసుకొచ్చిన ఫైళ్లు. ఆ హ్యాండ్లర్ పేరు మా వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీకి తెలియదు. అలాంటి ఫోల్డర్‌లోని ఫైల్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే పేజీ రాదు, పీహెచ్‌పీ ఫైలే డౌన్‌లోడ్ అవుతుంది, లోపలి కోడ్ మొత్తంతో. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలైతే ఇక చెప్పక్కర్లేదు. ఎవరూ వాడని సబ్‌ఫోల్డర్లలో దొరికాయి కాబట్టి సరిపోయింది. అన్నీ తీసేశాం.

సెప్టెంబర్ 15

సైట్లను వేటితో కట్టారన్న లెక్క. సగానికి పైగా వర్డ్‌ప్రెస్ (కోడ్ రాయకుండా సైట్ కట్టుకునే సాఫ్ట్‌వేర్). తర్వాతి పెద్ద గుంపు కోడ్‌ఇగ్నైటర్ 3 అనే ఫ్రేమ్‌వర్క్. మన దగ్గర ఓ పదేళ్ల క్రితం బడి సాఫ్ట్‌వేర్, ఫీజుల సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లంతా దాదాపు దీంట్లోనే రాశారు. వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన జూమ్లా 3 సైట్లు కొన్ని, దాని జీవితకాలం 2023 ఆగస్టుతో ముగిసింది. మిగిలినవి ఏ ఫ్రేమ్‌వర్కూ లేని చేతిరాత సైట్లు. వర్డ్‌ప్రెస్ సంఖ్యలో ఎక్కువ, కానీ పని ఎక్కువగా పడేది చేతిరాత సైట్ల దగ్గరే.

వర్డ్‌ప్రెస్‌లో దారి తెలిసిందే: ముందు వర్డ్‌ప్రెస్, తర్వాత పీహెచ్‌పీ. తలకిందులు చేస్తే పడుతుంది. 4.9 దగ్గర ఆగిపోయిన సైట్‌ను నేరుగా 8.3లో పెడితే అడ్మిన్ కూడా తెరుచుకోదు. ఇప్పటి వర్డ్‌ప్రెస్‌కు కనీసం 7.2.24 కావాలి, అంటే 7.4లో ఉండగానే వర్డ్‌ప్రెస్‌ను తాజాకు తెచ్చుకుని ఆ తర్వాత పీహెచ్‌పీ మార్చుకోవచ్చు. ఇంకా 5.6లో మిగిలిపోయిన కొద్దిమందికి నిచ్చెన పొడవు: 5.6 మీద నడిచే ఆఖరి వర్డ్‌ప్రెస్ 6.2. అక్కడిదాకా ఎక్కి, పీహెచ్‌పీ 7.4కి మారి, వర్డ్‌ప్రెస్ తాజాది వేసి, అప్పుడు 8.3.

కోడ్ చదివి చెప్పే పరికరాల గురించి ఒక మాట. పీహెచ్‌పీ వాళ్ల లింట్ చెక్ సింటాక్స్, అంటే రాత నియమాలు, మాత్రమే చూస్తుంది. స్ట్రింగ్‌లోని అక్షరాలనూ అరేలోని విలువలనూ మీసాల బ్రాకెట్లతో తీసే పాత పద్ధతి 8.0లో పోయింది, దాన్ని లింట్ పట్టేస్తుంది. కానీ తీసేసిన ఫంక్షన్‌ను ఎవరో పిలుస్తున్నారన్నది దానికి తెలియదు. ఈచ్, క్రియేట్ ఫంక్షన్ లాంటివి 8.0లో లేవు, అయినా లింట్ పచ్చజెండా ఊపుతుంది. దానికోసం పీహెచ్‌పీ కంపాటిబిలిటీ అనే నియమాల కట్ట వాడాలి. అయితే దాని స్థిరమైన విడుదల 9.3.5 వచ్చింది 2019 డిసెంబర్‌లో, పీహెచ్‌పీ 8 పుట్టకముందు. అది "అంతా బాగుంది" అంటే నమ్మడానికి లేదు. అభివృద్ధిలో ఉన్న పదో వెర్షన్ తీసుకున్నాం.

సెప్టెంబర్ 22

కోడ్ చదవడం కన్నా సైట్‌ను నడిపి చూడటమే మేలని తేల్చుకున్నాం. ఖాళీగా ఉన్న ఒక యంత్రంలో బ్యాకప్‌ల నుంచి అకౌంట్లన్నీ దించి, అన్నీ 8.3లో పెట్టాం.

దించకముందే చేసిన పని, ఆ యంత్రం నుంచి బయటికి వెళ్లే దారులన్నీ మూసేయడం. మెయిల్ పోర్టులు, ఎస్ఎంఎస్ గేట్‌వేలు, పేమెంట్ గేట్‌వేలు అన్నీ. క్రాన్ పనులు (నిర్ణీత వేళకు వాటంతట అవే నడిచేవి) మొత్తం నిలిపేశాం. బడి సాఫ్ట్‌వేర్ నకలు లేచి కూర్చుని "మీ అబ్బాయి ఈరోజు బడికి రాలేదు" అని ఊరందరికీ రెండోసారి ఎస్ఎంఎస్‌లు పంపితే ఆ తర్వాత వెర్షన్ గురించి ఎవరూ మాట్లాడనివ్వరు.

పరీక్ష సూటిగానే ఉంది. ప్రతి సైట్ హోమ్ పేజీ, దాంట్లో కనిపించిన లింకుల్లో మొదటి పది, ఇవి పాత సర్వర్ నుంచి ఒకసారి, పరీక్ష యంత్రం నుంచి ఒకసారి తెచ్చి పోల్చడం. మొదట స్టేటస్ కోడ్ (పేజీ బాగుంటే 200, కూలితే 500 అని సర్వర్ పంపే సంఖ్య) చూసి సరిపెడదామనుకుంటాం కదా, అది చాలదు. ఎర్రర్ పేజీ మొదట్లోనే వస్తే 500 వస్తుంది. కానీ సగం పేజీ బయటికి వెళ్లిపోయాక ప్రోగ్రామ్ కూలితే స్టేటస్ 200 గానే ఉంటుంది, ఎందుకంటే ఆ సంఖ్య అప్పటికే బ్రౌజర్‌కు చేరిపోయింది. మెనూ వస్తుంది, బ్యానర్ వస్తుంది, కింద ఏమీ ఉండదు. అందుకని మూడు చూశాం: స్టేటస్, పేజీ సైజులో తేడా, చివర్లో హెచ్‌టీఎంఎల్ ముగింపు ట్యాగ్ ఉందా లేదా. ఆ ముగింపు ట్యాగ్ ఒక్కటే స్టేటస్ కోడ్ కన్నా ఎక్కువ సైట్లను పట్టిచ్చింది.

ఎర్రర్ లాగ్‌లో ఎక్కువగా కనబడ్డది కౌంట్ ఫంక్షన్. ఖాళీ విలువను లెక్కపెట్టమంటే 7.2 నుంచి 7.4 దాకా హెచ్చరించి ఊరుకునేది, 8.0లో ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. ముందు అట్ గుర్తు (@) పెట్టి ఎర్రర్‌ను దాచుకునే అలవాటు చాలామందికి ఉంది, 8.0 నుంచి అది కూలిపోయే ఎర్రర్లను దాచదు. ఏళ్ల తరబడి తివాచీ కింద ఊడ్చినదంతా ఒకేసారి బయటపడింది.

సెప్టెంబర్ 26

కూలిపోయే సైట్లంటే నాకు భయం లేదు. లాగ్‌లో ఫైల్ పేరు, వరుస సంఖ్య రెండూ ఉంటాయి, పది నిమిషాల్లో దారి దొరుకుతుంది. కూలకుండా, ఎర్రర్ లేకుండా, వేరే జవాబు చెప్పే సైట్ల గురించే ఈ ఎంట్రీ.

ఒక ఫంక్షన్ హాల్ బుకింగ్ సైట్. మా పోలికలో పాసైంది. అయినా లాగిన్ లోపల మేం చూడలేం కాబట్టి, పరీక్ష లింక్ పంపి ఒకసారి చూసుకోమని యజమానికి చెప్పాం. సాయంత్రం ఫోన్ చేశారు.

"ఏమండీ, మీ కొత్తదాంట్లో పోయినేడాది డబ్బులు మొత్తం కట్టేసినవాళ్లు కూడా బాకీ లిస్టులో వస్తున్నారేంటండీ? మా బావమరిది పేరు కూడా ఉంది!"

"అందరూనా అండీ, కొందరేనా?"

"ఈ ఏడాదివాళ్లు బాగానే ఉన్నారండీ. పాతోళ్లే."

కోడ్ తెరిస్తే విషయం ఒక్క వరుసలో ఉంది. బాకీ సున్నాకి సమానమైతే "చెల్లించారు", లేకపోతే "బాకీ". ఆ సమానం రెండు ఈక్వల్ గుర్తులతో రాసినది. పాత బుకింగుల్లో డబ్బు పూర్తిగా కట్టేస్తే ఆ గడి ఖాళీగా వదిలేసేవారట, ఈ మధ్యే సున్నా అని కొట్టడం మొదలుపెట్టారు. పీహెచ్‌పీ 7లో ఖాళీ స్ట్రింగ్‌నూ సున్నానూ పోలిస్తే సమానమే. 8.0 నుంచి కాదు. సంఖ్యనూ సంఖ్య కాని స్ట్రింగ్‌నూ పోల్చేటప్పుడు ఇంతకుముందు స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చేది, ఇప్పుడు సంఖ్యను స్ట్రింగ్‌గా మార్చి పోలుస్తుంది. నిజానికి ఇప్పటిదే సరైన లెక్క. కానీ పాత లెక్కను నమ్ముకుని రాసిన కోడ్ పదేళ్లుగా ఊళ్లో నడుస్తోంది.

ఇలాంటివాటిని ఏ స్కానరూ పూర్తిగా పట్టలేదు, ఎందుకంటే తప్పు కోడ్‌లో సగం, డేటాలో సగం ఉంది. మేం చేసుకున్నది ఇది: చేతిరాత సైట్లలో సున్నాతో రెండు ఈక్వల్ పోలికలు ఉన్న వరుసలన్నీ గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో తీసి, డబ్బు, మార్కులు, హాజరు, యూజర్ హోదా, ఈ నాలుగింటికి తగిలేవి మాత్రం చేత్తో చూడటం. మిగతావి వదిలేశాం. ఫోటో గ్యాలరీలో ఒక బాణం గుర్తు ఎటు తిరిగినా కొంప మునగదు.

ఆ సైట్‌కు మందు సులువే. ఖాళీ గడులన్నీ సున్నాలు చేసి, ఆ కాలమ్‌కు సున్నా డిఫాల్ట్ పెట్టాం. బావమరిదిగారు బాకీ లిస్టులోంచి బయటపడ్డారు.

అక్టోబర్ 4

దసరా వారం ఏమీ ముట్టుకోలేదు.

కోడ్‌ఇగ్నైటర్ గుంపు. క్లాస్‌లో ముందుగా ప్రకటించని ప్రాపర్టీలను అప్పటికప్పుడు తగిలించుకోవడం దీని నడకలోనే ఉంది, 8.2 నుంచి పీహెచ్‌పీ దాన్ని తప్పుపడుతోంది. తప్పుపట్టడం అంటే హెచ్చరికే, సైట్ నడుస్తుంది. మరి పరీక్షలో ఇన్ని సైట్లు ఎందుకు పడ్డాయి? దీని ఇండెక్స్ ఫైల్లో, ప్రత్యేకంగా చెప్పకపోతే పరిసరం "డెవలప్‌మెంట్" అని రాసి ఉంటుంది. ఆ మోడ్‌లో ప్రతి హెచ్చరికనూ తెరమీద చూపిస్తుంది. సైట్ రాసినవాళ్లు చివర్లో దాన్ని "ప్రొడక్షన్" చేయాలి, చాలామంది చేయలేదు. ఫలితంగా పేజీ నెత్తిన హెచ్చరికల దండకం, దాని వెనకే "హెడర్లు అప్పటికే వెళ్లిపోయాయి" అన్న ఎర్రర్, సెషన్ మొదలవదు, లాగిన్ కాదు.

కస్టమర్ కోడ్ ముట్టుకోకుండానే దీన్ని సరిచేయొచ్చు. ఆ ఇండెక్స్ ఫైల్ ముందుగా సర్వర్ వేరియబుల్‌ను చూస్తుంది. హెచ్‌టీయాక్సెస్‌లో ఒక వరుసతో దాన్ని ప్రొడక్షన్ అని పెడితే చాలు. అసలు జబ్బు తగ్గినట్టు కాదు, పీహెచ్‌పీ 9 వచ్చే నాటికి ఎవరో ఒకరు ఆ కోడ్ మార్చాలి. కానీ ఇన్నేళ్లుగా డేటాబేస్ ఎర్రర్లను లోకమంతా చూసేలా పెట్టుకున్న సైట్లు ఇవి, ఆ తలుపు మూయడమే మంచిది. యజమానులకు ఒక్కొక్కరికీ ముందే మెసేజ్ పెట్టి చేశాం.

ఆ మెసేజ్‌లకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ రకం ఒకటే: "సైట్ చేసిన అబ్బాయి ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడండి, ఫోన్ ఎత్తడు."

అక్టోబర్ 9

సెట్టింగుల రోజు. ప్రతి పీహెచ్‌పీ వెర్షన్‌కూ తన సొంత ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్ ఉంటుంది. 7.4 ఫైల్లో ఏళ్ల తరబడి ఒక్కో కస్టమర్ ఒక్కోటి అడిగితే పెంచుకుంటూ వచ్చిన పరిమితులు 8.3 ఫైల్లోకి వాటంతట అవి రావు. అప్‌లోడ్ సైజు మళ్లీ 2 ఎంబీ, పోస్ట్ సైజు 8 ఎంబీ. ఇవి తెలుస్తాయి, ఫోటో ఎక్కడం లేదని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. తెలియనిది మాక్స్ ఇన్‌పుట్ వార్స్. ఒక ఫారమ్ నుంచి ఎన్ని గడులు తీసుకోవాలన్న పరిమితి, డిఫాల్ట్ 1000.

ఒక బడి మార్కుల ఫారమ్‌ను తీసుకుని లెక్కవేసి చూశాం. సెక్షన్‌లో 60 మంది పిల్లలు, 6 సబ్జెక్టులు, ఒక్కోదానికి 3 గడులు. మొత్తం 1080. వెయ్యి దాటిన క్షణం నుంచి వచ్చినవన్నీ పీహెచ్‌పీ పారేస్తుంది, లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. టీచర్‌కు తెరమీద "సేవ్ అయింది" అనే వస్తుంది. 55 మంది మార్కులు పూర్తిగా ఎక్కుతాయి, 56వ నంబర్‌కు 18 గడుల్లో పది, మిగతా నలుగురికి ఏమీ ఉండదు. హాజరుపట్టీలో చివరి పేర్లవాళ్లు. వెంకటేష్, యామిని లాంటివాళ్లకు ప్రోగ్రెస్ కార్డు ఖాళీగా వస్తే అది వెర్షన్ మార్పు వల్లనని ఏ హెడ్‌మాస్టర్ అయినా ఎలా కనిపెడతారు?

రెండు ఐఎన్ఐ ఫైళ్లను పక్కపక్కన పెట్టి తేడాలన్నీ 8.3లోకి ఎక్కించాం. ఎక్స్‌టెన్షన్ల (పీహెచ్‌పీకి తగిలించే అదనపు భాగాల) జాబితాలూ అలాగే పోల్చాం: సోప్ లేదు, ఇంటెల్ లేదు, ఐమ్యాప్ లేదు. వేసేశాం. ఐఎన్ఐ పరిమితులను హెచ్‌టీయాక్సెస్‌లో రాసుకున్న పాత సైట్లు కొన్ని ఉన్నాయి. అది అపాచీ మాడ్యూల్‌గా పీహెచ్‌పీ నడిచిన కాలపు పద్ధతి, ఎఫ్‌పీఎంలో నేరుగా 500 ఇస్తుంది. వాటిని యూజర్ ఐఎన్ఐ ఫైల్లోకి మార్చాం. మార్చిన వెంటనే పనిచేయలేదని కంగారుపడకూడదు, ఆ ఫైల్‌ను పీహెచ్‌పీ 300 సెకన్లకోసారే తిరిగి చదువుతుంది.

అక్టోబర్ 15

ఒక తెలుగు వార్తల సైట్. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన చిక్కు ఇదే కాబట్టి కాస్త వివరంగా రాసుకుంటున్నా.

మూడో సర్వర్ ఇంకా సెంటోస్ 7 అనే పాత లైనక్స్ మీద ఉంది, దానికి కాలం 2024 జూన్ 30నే చెల్లింది. అందుకని ఆ సర్వర్‌లో వాళ్లకు పీహెచ్‌పీతో పాటు యంత్రమూ మారుతోంది: సెంటోస్ బదులు అల్మాలైనక్స్, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7 బదులు 8. పరీక్ష యంత్రంలో ఆ వార్తల సైట్ తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు. తెరంతా నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ (à), దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆ తర్వాత ఇంకేదో పిచ్చి గుర్తు. మళ్లీ ఏ, మళ్లీ డిగ్రీ.

ఈ బొమ్మ చూడగానే రోగం చెప్పొచ్చు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. మొదటి బైట్ ఎప్పుడూ ఒకటే, దాన్ని లాటిన్-1గా (ఐరోపా అక్షరాల కోసం చేసిన పాత పద్ధతి) చదివితే ఆ గీత ఉన్న ఏ. రెండో బైట్ రెండిట్లో ఒకటి: అచ్చులు, హల్లులు, దీర్ఘం, గుడి వరకు డిగ్రీ గుర్తు. గుడిదీర్ఘం మొదలు కొమ్ములు, ఎత్వాలు, పొల్లు వరకు ప్లస్-మైనస్. అంటే బైట్లు చెక్కుచెదరలేదు, చదివేవాడు లాటిన్-1 అనుకుని చదువుతున్నాడు.

ఎందుకు ఇన్నాళ్లు బాగుంది? టేబుళ్లు లాటిన్-1. కనెక్షన్‌కు ఏ క్యారెక్టర్ సెట్ వాడాలో కోడ్‌లో ఎక్కడా చెప్పలేదు, సర్వర్ డిఫాల్ట్ తీసుకుంది, 5.7లో అదీ లాటిన్-1. లోపల లాటిన్-1, దారిలో లాటిన్-1, ఎవరూ ఏమీ మార్చరు. తెలుగు బైట్లు పెట్టెలో పెట్టినట్టే బయటికి వచ్చాయి, బ్రౌజర్ వాటిని యూటీఎఫ్-8గా చదువుకుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. మైఎస్‌క్యూఎల్ 8లో డిఫాల్ట్ యూటీఎఫ్-8 ఎంబీ4 (పూర్తి యూటీఎఫ్-8కి అక్కడి పేరు). ఇప్పుడు దారి మాత్రం యూటీఎఫ్-8 అయింది. డేటాబేస్ నిజాయితీగా ఒక్కో బైట్‌నూ ఒక్కో లాటిన్ అక్షరం అనుకుని మార్చి పంపుతోంది.

కనెక్షన్‌ను లాటిన్-1 అని చెప్పే ఒక్క వరుస రాస్తే తెలుగు తిరిగొస్తుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. మేం పూర్తిగా చేశాం: కాలమ్‌ను ముందు బైనరీ రకానికి, అక్కణ్నుంచి యూటీఎఫ్-8 ఎంబీ4కి. మధ్యలో బైనరీ మెట్టు లేకుండా నేరుగా మార్చమంటే మైఎస్‌క్యూఎల్ ఆ పిచ్చి గుర్తులనే శాశ్వతం చేసి పెడుతుంది.

అసలు ప్రమాదం చదవడంలో కాదు, రాయడంలో ఉంది. ఈ పని పూర్తికాకముందే ఎవరైనా కొత్త సర్వర్‌లో వార్త ఎక్కిస్తే, లాటిన్-1 కాలమ్‌లో తెలుగు పట్టదు. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే ఎర్రర్ వస్తుంది. లేకపోతే ప్రతి అక్షరం బదులూ ప్రశ్నార్థకం రాసుకుంటుంది, ఆ వార్త ఇక తిరిగిరాదు. కాబట్టి తరలించే రాత్రి అడ్మిన్‌కు తాళం, టేబుళ్లు సరిచేశాకే తెరవడం. రన్‌బుక్‌లో, అంటే మా పనుల చిట్టాలో, ఎర్ర సిరాతో ఉంది.

అదే సైట్‌లో ఇంకొకటి. హోమ్ పేజీలో కొన్ని హెడ్డింగుల చివర నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం. వాళ్ల డెస్క్‌లో అడిగితే, "ఇదివరకు అయితే ఒక్కోసారి హెడ్డింగే వచ్చేది కాదు సార్. ఒక పదం మార్చి మళ్లీ కొడితే వచ్చేది" అన్నారు. వినగానే నవ్వొచ్చింది, ఎన్నేళ్లు పదాలు మార్చుకుంటూ గడిపారో. పొడవైన హెడ్డింగ్‌ను వంద బైట్ల దగ్గర తెంచుతోంది కోడ్. మూడు బైట్ల అక్షరం మధ్యలో కత్తెర పడితే అది చెల్లని యూటీఎఫ్-8. అలాంటిది ఇస్తే హెచ్‌టీఎంఎల్ స్పెషల్ క్యారెక్టర్స్ ఫంక్షన్ ఇదివరకు ఖాళీ స్ట్రింగ్ ఇచ్చేది. 8.1 నుంచి దాని డిఫాల్ట్ మారింది, చెడిన ముక్క బదులు డైమండ్ పెట్టి మిగతాది ఇస్తుంది. అంటే వెర్షన్ మార్పు ఇక్కడ మేలే చేసింది. అక్షరాల లెక్కతో తెంచే ఎంబీ ఫంక్షన్ వాడితే డైమండ్ పోతుంది, కానీ పొల్లు దగ్గర తెగి కింది వత్తు ఊడే అవకాశం ఉంది. చివరి ఖాళీ దగ్గర తెంచమని చెప్పాం.

అక్టోబర్ 24

షెడ్యూల్. మొదటి బ్యాచ్ పరీక్షలో శుభ్రంగా పాసైనవాళ్లు, రెండోది వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ కావాల్సినవి, మూడోది చేతిరాత సైట్లు. వారం మధ్యలో రాత్రి పదకొండు తర్వాత. శుక్ర, శనివారాలు ముట్టుకోకూడదు. దేవస్థానం సేవా టికెట్ల సైట్‌ను కార్తీకమాసం వెళ్లేదాకా కదపం. రద్దీ అంతా ఈ నెలే.

రాత్రే ఎందుకంటే సీప్యానెల్‌లో సెషన్ ఫైళ్లు పీహెచ్‌పీ వెర్షన్‌కొక ఫోల్డర్‌లో ఉంటాయి. వెర్షన్ మారిన క్షణం లాగిన్ అయి ఉన్నవాళ్లంతా బయటపడతారు. వర్డ్‌ప్రెస్ లాగిన్ కుకీలతో నడుస్తుంది కాబట్టి దానికి ఫరవాలేదు. ఫీజు కడుతూ మధ్యలో ఉన్న తల్లిదండ్రులకు మాత్రం ఫరవాలేదనలేం.

నోటీసులో వెర్షన్ నంబర్లు రెండో పేరాలోకి తోసేశాం. మొదటి పేరాలో ఉన్నది: ఫలానా తేదీ రాత్రి మీ సైట్ వెనక సాఫ్ట్‌వేర్ మారుతుంది, మర్నాడు ఉదయం ఈ మూడు పేజీలు చూడండి, తేడా ఉంటే ఈ నంబర్‌కు వాట్సాప్ చేయండి, పది నిమిషాల్లో పాతదానికి తిప్పుతాం. గతంలో "మీ పీహెచ్‌పీ 7.4 ఈఓఎల్ అయింది" (అంటే కాలం చెల్లింది) అని పంపిన మెయిళ్లకు ఒక్క జవాబు రాలేదు.

పీహెచ్‌పీ లోకానికి ఈ బద్ధకం కొత్తేమీ కాదు. 4 నుంచి 5కి మారేటప్పుడు హోస్టులు "అప్లికేషన్లు అడగడం లేదు" అంటే, అప్లికేషన్లు రాసేవాళ్లు "హోస్టుల దగ్గర లేదు" అన్నారు. ఎవరూ కదలకపోతే కొన్ని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు కూడబలుక్కుని, 2008 ఫిబ్రవరి 5 తర్వాత వచ్చే విడుదలలకు పీహెచ్‌పీ 5.2 తప్పనిసరి అని గోపీహెచ్‌పీ5 పేరుతో ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఆగస్టులో పీహెచ్‌పీ 4కు సాయం ఆగిపోయింది.

నవంబర్ 6

మొదటి బ్యాచ్ అయింది. తిప్పిపంపాల్సినవి కొన్నే, వాటిలో ఎక్కువ భాగం ఒకే పాత స్లైడర్ ప్లగిన్. డబ్బులిచ్చి కొనాల్సిన థీమ్‌ను ఎక్కడో ఊరికే దించుకున్న సైట్లలో అది థీమ్‌తో పాటే వచ్చింది, అప్‌డేట్లు రావు. కొనుక్కోండి లేదా థీమ్ మార్చుకోండి అని చెప్పాం, మధ్యే మార్గం లేదు.

తిప్పడం నిజంగానే నిమిషం పని. అందుకే ధైర్యంగా బ్యాచ్‌లు చేయగలుగుతున్నాం.

నవంబర్ 14

రెండో బ్యాచ్ మొదలైంది. కోడ్‌ను ఇతరులు చదవకుండా దాచే ఐయాన్‌క్యూబ్‌తో తాళం వేసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు మిగిలాయి. అవి అమ్మినవాళ్లు కొత్త వెర్షన్‌కు ఎన్‌కోడ్ చేసి ఇస్తేనే కదులుతాయి. అడిగాం. ఇవ్వనివాళ్ల కస్టమర్లను క్లౌడ్‌లైనక్స్ ప్యాచ్‌లు ఉన్న 7.4లో, వచ్చే మార్చి వరకు అని తేదీ రాసి ఉంచుతున్నాం. తేదీ లేకుండా ఎవరినీ ఉంచకూడదన్నదే ఇక్కడ నా పట్టుదల. ఇప్పుడు 5.6లో మిగిలిన సైట్లన్నీ "తాత్కాలికంగా" అని ఎవరో ఎప్పుడో ఉంచినవే.

7.4ను పీకే ముందు చూడాల్సింది క్రాన్. మామూలు పీహెచ్‌పీ కమాండ్‌తో రాసినవి డొమైన్ వెర్షన్‌ను అనుసరిస్తాయి. కొందరు 7.4 పూర్తి పాత్ రాసుకున్నారు. వాళ్ల సైట్ 8.3లో నడుస్తున్నా రాత్రి పనులు 7.4లోనే నడుస్తున్నాయి. ఈరోజు బాగానే కనిపిస్తుంది, 7.4 తీసేసిన రాత్రి నుంచి ఆగిపోతుంది, ఆగినట్టు ఏ పేజీలోనూ కనబడదు. అన్ని అకౌంట్ల క్రాన్‌టాబుల్లో ఆ పాత్ కోసం గ్రెప్ పెట్టాం. బడి ఫీజుల రిమైండర్లు, నర్సింగ్ హోముల అపాయింట్‌మెంట్ మెసేజ్‌లు, ఒక చిట్‌ఫండ్ వాళ్ల వడ్డీ లెక్క. సోమవారం నుంచి వరుసగా యజమానులకు ఫోన్లు, ముందుగా చిట్‌ఫండ్‌కు.